పిల్లల ఎత్తున గోడ

మే నెల పొద్దున మా బడి పిల్లల కోసం పేపర్ ప్లేట్లను సగానికి కత్తిరిస్తుంటే ఫోన్ మోగింది. పాత ప్లేస్కూల్లో నాతో పనిచేసిన ఆయమ్మ. "ఆపా లేదు బిడ్డా. తెల్లారంగ దవాఖానల పానం పోయిందట. గుండె ఆగిందంటాండ్లు" అని ఏడ్చింది. కత్తెర పక్కన పెట్టాను. నిజం చెప్పాలంటే నాకు ముందు దుఃఖం రాలేదు, కోపం వచ్చింది. ఆపాకూ నాకూ మధ్య ఒక మాట తెగకుండా ఉండిపోయింది. దాన్ని అట్లాగే వదిలేసి పోయిందే అనిపించింది.

ఆపా అంటే అక్క. హనుమకొండలోని ఆ ప్లేస్కూల్లో ఆమె అందరికీ ఆపానే. పొద్దున్నే పిల్లలను దింపి ఉద్యోగాలకు పరుగెత్తే తల్లులకు, ఆటోవాళ్లకు, స్కూలు నడిపే మేడంకు కూడా. నేను డిగ్రీ అయిన కొత్తలో నెక్కొండ నుంచి రైల్లో వచ్చి, ఆమెకు సాయంగా ఆ ఉద్యోగంలో చేరాను. పసిపిల్లలతో ఎట్లా మాట్లాడాలో నాకు తెలియదు. ఆమె నేర్పింది.

ఉగాది దాటగానే మా గదిలో ఎండాకాలం గోడ మొదలయ్యేది. తలుపుకు ఎదురుగా ఉండే పొడవాటి గోడ అది. సగం పేపర్ ప్లేటుకు ఎర్రరంగు పూస్తే పుచ్చకాయ ముక్క. దాని మీద అంటించడానికి నిజం గింజలే. పిల్లలు తిని ఊసినవాటిని ఆపా కడిగి డాబా మీద ఎండబెట్టేది. దూదితో తాటిముంజలు. పాత పెళ్లికార్డుల పసుపు అంచులు కత్తిరించి సూర్యుడి చుట్టూ కిరణాలు. అట్టపెట్టెతో కూలర్ చేసి దాని ముందు రంగు రిబ్బన్లు కట్టేవాళ్లం. ఫ్యాన్ తిరిగితే అవి రెపరెపలాడేవి, పిల్లలు వాటి ముందు నిలబడి "సల్లగున్నది" అని మురిసిపోయేవాళ్లు.

బంక ఆమె ఇంటి నుంచి తెచ్చేది. మైదాపిండి ఉడికించి చిన్న స్టీలు డబ్బాలో పోసుకొచ్చేది. "పిల్లలు వేళ్లు నోట్లె పెట్టుకుంటరు. దుకాణం బంక ఎందుకు?" అనేది. అంటించినవి పడిపోతుంటే నేను విసుక్కునేదాన్ని. "జర ఆగు బిడ్డా, ఆరనియ్యి. నీకు గింత తొందరుంటే పోరగాండ్లకు ఓపిక యాడికెల్లి వస్తది?"

ఒకసారి నేను బొమ్మలన్నీ నా కళ్ల ఎత్తులో వరుసగా అంటించాను. చాలా బాగుందనుకున్నాను. ఆపా వచ్చి చూసింది. నేల మీద కూర్చుని, పక్కన చేత్తో తట్టి నన్నూ కూర్చోమంది. "ఇగ చూడు. ఏం కనవడ్తాంది?" అంది. ఉత్త గోడ కనిపించింది. "గోడ పిల్లలదే. మన ఎత్తుల పెట్టుకుంటే ఎవ్వలకు?" ఇద్దరం కలిసి అన్నీ పీకి కిందికి దించాం.

ఒక పాప సూర్యుడికి నీలం రంగు వేసింది. నేను పసుపు రంగు తీసి చేతికి ఇవ్వబోతే ఆపా ఆపింది. "ఉండనియ్. తానం చేసి వచ్చిండేమో." మరో మాట ఎప్పుడూ అనేది: "పిల్లగాని చెయ్యి వంకర పోతేనే గోడకు పానమొస్తది." ఈ మాటను నేను మంత్రంలాగా నమ్మాను. అందుకే ఆ తర్వాత జరిగింది అంతగా తగిలిందేమో.

మూడో ఎండాకాలంలో మేడం ఒక పెద్ద ఫ్లెక్సీ ప్రింటు చేయించింది. సముద్రం, ఇసుక, రంగుల గొడుగు, ఎగిరే డాల్ఫిన్. పిల్లలు చేసినవి ఫోటోల్లో మురికిగా కనబడుతున్నాయని, ఆ గోడ నిండా ఇది వేయిస్తానని అంది. మర్నాడు అందరం కూర్చుని మాట్లాడుకోవాలి. ఆ సాయంత్రం బస్టాపు దాకా నేను, ఆపా కలిసి నడిచాం. నాకన్నా ఆమెకే బాధ ఎక్కువగా ఉంది. "వరంగల్‌ల సముద్రం యాడుందే?" అని నవ్వబోయి, నవ్వలేక ఆగింది. నేను మాట్లాడతానన్నాను. నా మణికట్టు పట్టుకుని, "నువ్వు మొదలువెట్టు బిడ్డా. ఫికర్ జెయ్యకు, ఎన్కనే నేనుంట" అంది.

మొదలుపెట్టాను. మర్నాడు అందరి ముందూ చెప్పాల్సిందంతా చెప్పాను. ఆ గోడ కోసమే పిల్లలు పొద్దున ఏడవకుండా లోపలికి వస్తున్నారని, వాళ్లు చేసింది వాళ్లకు కనబడాలని. మేడం నన్ను చూడలేదు. ఆపా వైపు తిరిగింది. "మీరేమంటరు ఆపా? మీరు పెద్దోళ్లు."

ఆపా కొంగు సవరించుకుంది. "మేడం చెప్పిందే మంచిగుంటది. గోడ ఖరాబైతాంది. ఈ పిల్లకే జర పట్టుదల ఎక్కువ" అంది.

ఎవరో కిసుక్కున నవ్వారు. నేను ఆమె ముఖంలోకి చూస్తూనే ఉన్నాను. ఆమె నేలను చూస్తోంది.

ఆ మధ్యాహ్నమే గోడ మీదివన్నీ ఆమే ఒక్కొక్కటి ఊడదీసి సంచిలో వేసింది. చిరగకుండా, మెల్లగా. నిద్ర లేచిన ఒక బాబు వచ్చి, "ఆపా, నా కూలర్ ఏది?" అని అడిగాడు. ఆమె నా వైపు చూసింది. ఈసారి నేను ముఖం తిప్పుకున్నాను. కొన్నాళ్లకు మేడం నన్ను పిల్లల గదిలోంచి తీసి, ముందు బల్ల దగ్గర ఫోన్లెత్తే పనిలో కూర్చోబెట్టింది. నేను మానేశాను.

మళ్లీ ఒక్కసారే కలిశాం, మరుసటి ఎండాకాలం, చౌరస్తాలో మామిడిపండ్ల బండి దగ్గర. నేనెప్పుడూ "నువ్వు" అని పిలిచే ఆమెను ఆ రోజు "మీరు" అన్నాను. "మీరెందుకు అట్లా చేసిండ్రు?" ఆ "మీరు" ఆమెకు తగిలింది. కళ్లు చెమర్చాయి.

"భయమైంది బిడ్డా. గీ వయసుల నన్ను ఎవ్వలు పెట్టుకుంటరు?"

"భయమైతే ఊకె ఉండొచ్చు గదా. నాకు పట్టుదలెక్కువ అని ఎందుకన్నరు?"

పండ్లను అటూ ఇటూ తిప్పింది. "అది గూడ భయమే" అంది చివరికి. కొన్న పండ్లు నా సంచిలో వేసి, నేను వద్దనేలోపే నడిచిపోయింది. ఇంటికి పోయి తిన్నాను. తియ్యగా ఉన్నాయి. దానికీ కోపం వచ్చింది.

ఆమె పోయిన రోజే మండీబజార్ వెనుక గల్లీలో ఉన్న వాళ్లింటికి వెళ్లాను. ఆమె బిడ్డకు నేనెవరో తెలియదు. "అమ్మతోని పనిచేసిండ్రా?" అని మర్యాదగా అడిగి చాప చూపించింది. ఆపా ఇంట్లో నా ఊసే ఎత్తలేదని అప్పుడు తెలిసింది. కాసేపటికి మేడం వచ్చింది. కుర్చీ వేశారు. "బంగారమసొంటి మనిషి. ఇన్నేండ్లల్ల నాకు ఒక్కనాడు ఎదురుమాట చెప్పలే" అని కళ్లు తుడుచుకుంది. అందరూ తలలూపారు. నేను మింగలేకపోయినదాన్నే ఆమె గుణంగా అందరిముందూ చెబుతుంటే, నాకు అక్కడ కూర్చోబుద్ధి కాలేదు. ఆపా అంటే అది కాదు, అని అరవాలనిపించింది. చావింట్లో ఎట్లా అంటాను? అందుకే ఇక్కడ రాస్తున్నాను. ఆమె నన్ను ఒంటరిని చేసింది. ఆ గాయం మానలేదు. కానీ ఈనాటికీ నేను ఏ గదిలోకి పోయినా ముందు నేల మీద కూర్చుని గోడను చూస్తాను. అలా చూడమన్నది ఆమె తప్ప మరెవరూ కాదు.

మధ్యాహ్నం నమాజు వేళకు జనాజా లేపారు. ఎండ మండిపోతోంది. గల్లీలోని సిమెంటు రోడ్డు మీద కాలు పెట్టే వీల్లేదు. పాడె మోసేవాళ్లలో కొందరు తొందరలో చెప్పుల్లేకుండానే బయలుదేరారు. అది చూసి ఇరుగుపొరుగు ఆడవాళ్లు బకెట్లతో నీళ్లు తెచ్చి వాళ్ల ముందు పోయసాగారు. ఆయమ్మ ఒక బకెట్ నా చేతికందించింది. నేనూ పోశాను. నీళ్లు పడగానే రోడ్డు నల్లబడి, కాళ్ల కింద ఆవిరి లేచింది. తెల్లగుడ్డ కప్పిన ఆపా ఆ తడి మీదుగా మలుపు దాకా సాగిపోయింది. చివరి మనిషి మలుపు తిరిగేలోపే ఈ చివరన రోడ్డు ఆరిపోయి, మళ్లీ తెల్లబడటం మొదలైంది. చేతిలో ఉత్త బకెట్‌తో నేను అక్కడే నిలబడి ఉన్నాను.