మావయ్య చెరిపేసిన పాటలు

నా చిన్నప్పుడు ఒక పాటల క్యాసెట్ కోసం మా మావయ్యకు రావలసిన ఉద్యోగాన్ని పోగొట్టానని మావాళ్ళు ఏ పెళ్ళిలో కలిసినా చెప్పుకుని నవ్వుతారు. నేను నవ్వను. జరిగింది వేరు.

అప్పట్లో అమీర్‌పేటలో ఏ మేడ చూసినా కంప్యూటర్ కోర్సుల బోర్డులే. మా అమ్మ తమ్ముడు కాకినాడ నుంచి వచ్చి, మా ఇంట్లోనే ఉండి ఆ కోర్సేదో నేర్చుకునేవాడు. నా లోకం మాత్రం ఒక్క క్యాసెట్. ఈ ఊరి కుర్రాళ్ళు నలుగురు కట్టిన బ్యాండు, తమ పాత ఆల్బమ్‌లలోంచి మంచి పాటలు ఏరి తెచ్చిన క్యాసెట్ అది. పుట్టినరోజుకి గౌను వద్దని ఏడ్చి పంజాగుట్టలో కొనిపించుకున్నాను. పాత పాటలనే మళ్ళీ అమ్ముకున్నారని వెక్కిరించేవాళ్ళతో ఇప్పటికీ గొడవపడతాను. మొదటి ఆల్బమ్ నుంచి చివరిదాకా ఆ వరుసలో వింటుంటే ఆ నలుగురూ నా కళ్ళముందే పెద్దవాళ్ళయ్యేవారు. మొదటి పాటలో గిటారు తడబడుతూనే పరుగెత్తేది. రెండోవైపు చివర డ్రమ్ములన్నీ ఆగిపోయి, పాడేవాడి బొంగురు గొంతు ఒక్కటే మిగిలేది. అక్కడ ప్రతిసారీ నాకు ఏడుపొచ్చేది.

ఒకరోజు బడి నుంచి వచ్చి క్యాసెట్ పెడితే, ఎవరో సారు కంప్యూటర్ పాఠం చెబుతున్నాడు. రెండువైపులా అదే. మావయ్య తన క్లాసు రికార్డు చేసుకున్నాడు. నిలదీస్తే, తనకు టేపురికార్డర్ల సంగతే తెలియదని, ఏదో బటన్ నొక్కితే చెరిగిపోయిందని అన్నాడు. "పోనీలేవే, పాటలే కదా" అంది అమ్మ.

పక్కింటి అక్క బల్కంపేటలో పుట్టి పెరిగిన మనిషి, సోమాజిగూడలో ఉద్యోగం చేసేది. నా ఏడుపు విని వచ్చి క్యాసెట్ తిప్పి చూసింది. కొన్న పాటల క్యాసెట్‌కి పై అంచున రెండు గుంటలుంటాయి. అవి తెరిచి ఉన్నంతవరకు దానిమీద ఏదీ రికార్డు కాదు. నా క్యాసెట్ గుంటల మీద ఎవరో పొందిగ్గా సెల్లోటేపు అతికించారు.

"అరవకు. ఆయన నోటితోనే చెప్పిస్త" అంది అక్క.

ఆదివారం అందరం టిఫిన్ దగ్గరుండగా తన పాత క్యాసెట్ ఒకటి పట్టుకొచ్చింది.

"అన్నా, జర గిది చూడు. రికార్డింగ్ బటన్ దిగుతలేదు. ఖరాబైందంటవా?"

మావయ్య ఇడ్లీ నములుతూనే విజృంభించాడు. "ఖరాబూ లేదు, పాడూ లేదండీ. ఆ గుంటల మీద సెల్లోటేపు అతికించండి, అదే దిగుతుంది. ఆమాత్రం తెలీదా?"

"నాకేం తెల్వదన్నా. మొన్న నీకు సుత తెల్వదంటివి గదా!"

మావయ్య నమలడం ఆపేశాడు. నాన్న లేచి, పాఠం ఎక్కిన నా క్యాసెట్ తీసి నా చేతిలో పెట్టి, ఇది పిల్లది అన్నారు. ఆ రోజు నుంచి దాన్ని స్కూలు బ్యాగులో వేసుకునే తిరిగాను. ఇంటర్వ్యూ దగ్గరపడ్డాక, ఆ పాఠం ఒక్కసారి విని ఇచ్చేస్తానని మావయ్య బతిమాలాడు. ఐస్‌క్రీం తెచ్చాడు. ఐస్‌క్రీం తిన్నాను, క్యాసెట్ ఇవ్వలేదు. ఉద్యోగం రాలేదు. ఒక్క పాఠం వినకపోతే పోయే ఉద్యోగం వచ్చినా నిలిచేదా? జాలి వేయలేదా అంటారు. లేదు. ఇప్పటికీ లేదు.

అక్క నేర్పిన విద్య ఈనాటికీ నాకు అన్నం పెడుతోంది. ఆఫీసులో జరిగే తప్పుల మీద ఆరా తీయడమే నా పని. ఎవరైనా 'తెలియక చేశాను' అంటే, వాదనంటే ప్రాణం పెట్టే నేను, వాదించను. సాయం అడుగుతాను. ఎంత తెలుసో వాళ్ళే వివరంగా చెబుతారు.

తేలనిది ఒక్కటే. మా ఇంట్లో సెల్లోటేపు అమ్మ బీరువాలో ఉండేది, తాళంచెవి ఆవిడ కొంగున. అమ్మా, తమ్ముడికి అది తీసిచ్చేటప్పుడు ఎందుకని అడగకుండా ఇచ్చావా, అడిగి తెలుసుకునే ఇచ్చావా?