వెళ్లిపొమ్మని చెప్పే పని

ఇరవై ఏళ్లలో మా రాక్ బ్యాండులో నాతో కలిపి పద్నాలుగు మంది వాయించారు. ముగ్గురు వాళ్లంతట వాళ్లే పోయారు. ఐదుగురిని మేమే పొమ్మన్నాం. ఆ ఐదుగురికీ ఎదురుగా కూర్చుని ఆ మాట చెప్పింది నేనే.

మొదట్లో మేం నలుగురం. డిగ్రీ రెండో ఏడు చదువుతున్నాం. పాడేవాడిది శ్రీనగర్ కాలనీ. గుంటూరు వైపు నుంచి వచ్చిన కుటుంబం, వాళ్ల నాన్న ఒక డబ్బింగ్ థియేటర్లో సౌండ్ చూసేవాడు. ఇంట్లో పెద్ద స్పీకర్లు, ఎక్కడెక్కడి పాటల క్యాసెట్లూ ఉండేవి. రాక్ అనే మాట మాలో ముందుగా విన్నది వాడే. గిటారిస్టు వాడి క్లాస్‌మేట్. డ్రమ్స్ వాయించేవాడు నా దోస్తు. ఎర్రమంజిల్ క్వార్టర్స్‌లో మా రెండిళ్లవీ ఎదురెదురు తలుపులు. మా నాన్న గుమాస్తా, వాళ్ల నాన్న ఆఫీసు జీపు డ్రైవరు. వాళ్ల చిన్నాయనకు తీన్‌మార్ బ్యాచ్ ఉండేది. బారాత్‌లకీ బోనాలకీ కొట్టేవాళ్లు. వాడు చిన్నప్పటి నుంచీ వాళ్ల వెంట తిరిగి కొట్టడం నేర్చుకున్నాడు. డ్రమ్ సెట్టు ముందు మొదటిసారి కూర్చున్న రోజు అటూ ఇటూ చూసి, "గివన్నీ ఒక్కనికేనా? మా దగ్గర ఆరుగురం కొడ్తం గిన్ని" అన్నాడు.

నేను బేస్ గిటారు తీసుకున్నాను. ఎవరికీ అక్కర్లేక మిగిలింది అదే. పాటలు రాసే పని కూడా నా మీదే పడింది, తెలుగు పేపర్లో మార్కులు బాగా వచ్చేవి కాబట్టి.

ప్రాక్టీసు అమీర్‌పేటలో. మైత్రీవనం వెనక సందులో గాయకుడి మేనమామకు కంప్యూటర్ కోచింగ్ సెంటర్ ఉండేది, మూడో అంతస్తులో. ఆదివారం మధ్యాహ్నం క్లాసులుండవు. బల్లలన్నీ గోడకు నెట్టి వాయించుకునేవాళ్లం. వెనక బోర్డు మీద శనివారం చెప్పిన జావా పాఠం అలాగే ఉండేది. అది చెరపకూడదన్నదొక్కటే మేనమామ పెట్టిన షరతు. ఎదురుగా అంతా హాస్టళ్లు. కోర్సులకొచ్చిన కుర్రాళ్లు బనీన్లతో బాల్కనీల్లో నిలబడి వినేవాళ్లు. బాగుంటే ఈలేసేవాళ్లు, బాగోకపోతే "అన్నా, ఆపండన్నా, ఎగ్జాముంది" అని అరిచేవాళ్లు. వాళ్ల మీదే ఒక పాట రాశాను. బకెట్టూ పరుపూ పట్టుకుని బస్సు దిగి, ఆరు నెలల కోర్సుకని వచ్చి మూడేళ్లు ఉండిపోయినవాడి పాట అది. మా బ్యాండును ఎరిగినవాళ్లకు ఇప్పటికీ గుర్తున్న పాట ఏదైనా ఉంటే అదే.

మూడేళ్లకు గిటారిస్టుకు బెంగళూరులో ఉద్యోగం వచ్చింది. స్టేషన్‌కెళ్లి రైలెక్కించి ముగ్గురం ప్లాట్‌ఫాం మీదే నిలబడి ఏడ్చాం. మనిషి వెళ్లిపోతే ఏడ్చింది ఆ ఒక్కసారే. అతని స్థానంలో ఇంకొకడు వచ్చాడు. బాగానే వాయించేవాడు. మూడు ఆదివారాలు తిరిగేసరికి పాతవాడి లోటే తెలియలేదు. అది చూసి భయపడాల్సింది పోయి సంబరపడ్డాం.

తర్వాత కొన్నేళ్లకు ఒక టీవీ ఛానెల్ వాళ్లు మా పాటలు రికార్డు చేస్తామన్నారు. స్టూడియోలో చెవిలో టిక్కు టిక్కుమని ఒక చప్పుడు వినిపిస్తూ ఉంటుంది, దానికి తగ్గట్టు వాయించాలి. నా దోస్తు చెయ్యి దానికి లొంగలేదు. పాట ఊపందుకునే కొద్దీ వాడూ ఉరికేవాడు. జనం ముందు మా బలమంతా అదే. స్టూడియోలో అది తప్పయింది. రెండు రోజులు చెమటలు కారేలా కొట్టాడు. మూడో రోజు గాయకుడు నన్ను పక్కకు పిలిచాడు.

"ఇలా అయితే అవ్వదురా. వేరేవాణ్ణి పెట్టుకుందాం."

"జర టైమియ్యి. నేర్చుకుంటడు."

"వాళ్లు ఆగరు. నువ్వే చెప్పు. నీ మాటయితే వింటాడు. నేను చెబితే ఇంకోలా అనుకుంటాడు."

ఇంకోలా అంటే ఏమిటో ఇద్దరికీ తెలుసు. శ్రీనగర్ కాలనీ కుర్రాడు జీపు డ్రైవరు కొడుకును గెంటేశాడని అనుకుంటాడు. క్వార్టర్స్‌లో ఎదురింటివాడు చెబితే అలా ఉండదు. అందుకే నేను. ఆ లెక్క అర్థమయ్యీ ఒప్పుకున్నాను. నాక్కూడా టీవీలో కనపడాలని ఉండింది.

మర్నాడు మధ్యాహ్నం పంజగుట్ట చౌరస్తా దగ్గర ఇరానీ హోటల్లో కూర్చోబెట్టి చెప్పాను. మాటలన్నీ ముందే వరస పెట్టుకుని వెళ్లాను. నీ తప్పు కాదు, స్టూడియో పద్ధతి వేరే, నీలాంటివాడు మళ్లీ దొరకడు. వాడు అంతా విన్నాడు.

"గిది ఎవల మాట? నీదా, వానిదా?"

"అందరిది" అన్నాను.

కొత్త గిటారిస్టును మేం అడగనే లేదు. అందరూ అంటే మేమిద్దరమే.

వాడు చాయ్ వదిలిపెట్టలేదు, చివరి గుక్కదాకా తాగాడు. లేచి, "సరే అన్నా" అన్నాడు. నాకంటే రెండు నెలలు పెద్దవాడు. అరేయ్ అనే తప్ప ఎన్నడూ నన్ను ఇంకోలా పిలవనివాడు. అన్నా అని గౌరవించి నన్ను అవతలికి నెట్టేశాడు. వాళ్ల నాన్న రిటైరై క్వార్టర్ ఖాళీ చేసేదాకా ఆ మెట్ల మీద ఎప్పుడు ఎదురైనా, "మంచిగున్నవా అన్నా" అని గోడకు ఒదిగి నాకు దారిచ్చేవాడు.

టీవీ వాళ్లు ఆ కార్యక్రమాన్ని ఒక ఆదివారం పొద్దున్నే వేశారు. మా అమ్మ చూసింది.

అక్కణ్ణించి ఆ పని నాదైపోయింది. "నీకు మాట్లాడటం వచ్చురా, నువ్వయితే ఎవరూ బాధపడరు" అనేవాడు గాయకుడు. రెండో గిటారిస్టుకు పెళ్లయి ప్రాక్టీసుకు రావడం తగ్గింది. వాళ్ల ఆఫీసు కిందికెళ్లి చెప్పాను. ఇంకొక డ్రమ్మరుకు గాయకుడితో పడలేదు. అతనికీ నేనే చెప్పాను. పోను పోను నాకు అందులో ఒక పనితనం వచ్చింది. ముందు ఇంట్లోవాళ్లను అడగాలి, తర్వాత వాళ్లు వాయించిన ఒక మంచి పాటను గుర్తు చేయాలి, ఆ తర్వాత చెప్పాలి. దాన్ని మంచితనం అనుకున్నాను. బ్యాండును నిలబెడుతున్నది నేనేనని లోలోపల పొంగిపోయాను కూడా.

నా కళ్లు తెరిపించాల్సింది మా వయొలినిస్టు. నాలుగేళ్లు వాయించింది, మా మొత్తంలో నిజంగా సంగీతం వచ్చినది ఆమే. మా పాటల్లో ఒకదానికి రాగం ఆమెదే. అది యూట్యూబ్‌లో పెట్టినప్పుడు తన పేరు లేదేమని అడిగింది. రెండు వారాలకు నన్ను పంపారు. అమీర్‌పేట మెట్రో స్టేషన్ మెట్ల దగ్గర కలిశాను. నేను నోరు తెరవకముందే నవ్వింది.

"మీరు ఫోన్ చేసి కలుద్దామన్నప్పుడే తెలిసింది. మీరు కలుద్దామంటే అందరికీ తెలుసు దేనికో."

"అట్ల కాదు..."

"మా అమ్మ బాగుంది. అది కూడా అడుగుతారు కదా. ఇక చెప్పండి."

చెప్పాను. ఆమె విని, వయొలిన్ పెట్టె భుజానికెత్తుకుని మెట్లెక్కి పోయింది. నేను కిందే నిలబడి, పొగరు అనుకున్నాను. నిజంగా అదే అనుకున్నాను.

నా వంతు పోయిన ఏడాది వచ్చింది. బ్యాండుకు ఇరవై ఏళ్లవుతున్నాయని పంజగుట్టలో ఒక హాలు మాట్లాడారు. ఆ కబురు తర్వాత మా వాట్సాప్ గ్రూపులో చప్పుడు ఆగిపోయింది. అందరూ ఆఫీసుల్లో బిజీగా ఉన్నారనుకున్నాను. రెండు ఆదివారాలు ప్రాక్టీసు లేదన్నారు. మూడో ఆదివారం ఎవరినీ అడక్కుండా బేస్ తీసుకుని పోయాను, ఒంటరిగానైనా చెయ్యి ఆడించుకుందామని.

మూడో అంతస్తు మెట్ల దగ్గరికే పాట వినపడింది. నా పాటే. తలుపు తీస్తే ఒకతను నా ఆంప్లిఫయర్‌కు తన బేస్ గిటారు తగిలించుకుని వాయిస్తున్నాడు. ముప్పై ఏళ్లుంటాయేమో. నన్ను చూసి ఆపేసి, చేతులు జోడించాడు.

"నమస్తే సార్. మీ గురించి మస్తు విన్న. మీ బేస్ లైన్లే వాయిస్తున్న, తప్పులుంటే చెప్పుండ్రి."

నేను అతన్ని ఆశీర్వదించడానికి వచ్చానని అనుకున్నాడు పాపం. నాకు ఎప్పుడో చెప్పేశారని అతనికి చెప్పారు. కీబోర్డు వాయించే కుర్రాడు ఏదో వైరు వెతుకుతున్నట్టు బల్ల కిందికి వంగాడు. ఇప్పటి డ్రమ్మరు ఫోన్ చూసుకున్నాడు. అప్పుడు గాయకుడు చాయ్ ఫ్లాస్కుతో పైకొచ్చాడు.

"అరె, నీకు ఫోన్ చేద్దామనే అనుకుంటున్నారా."

"ఎప్పుడు?"

"ఏంటి నువ్వు... సౌండ్ మార్చాలనుకున్నాం. కొత్త జనం, కొత్త పద్ధతి. పాటలు నీవే, పేరు వేస్తాం. అయినా ఇలాంటివి ఎలా చెప్పాలో మాలో ఎవరికి తెలుసు చెప్పు? ఎప్పుడూ నువ్వే కదా చెప్పేది."

వాడు నవ్వుతూ అన్నాడు. ఎగతాళికి కాదు. నిజంగానే వాడికి తెలియదు. ఇరవై ఏళ్లు నేనే వాడికి ఆ కష్టం తెలియనివ్వలేదు. ఆ రోజు ఎంత కోపమొచ్చిందంటే, వాడి మీదికి చెయ్యి ఎత్తుతానేమోనని రెండు చేతులతో గిటారు సంచీ పట్టుకున్నాను. నోటితో మాత్రం, "ఆంప్లిఫయర్ వాల్యూమ్ నాబ్ లూజు, జర చూసుకో" అని కొత్తతనికి చెప్పి దిగొచ్చాను.

హాలుకు పోకూడదనుకున్నాను. పోయాను. పాత సభ్యులకు సన్మానమన్నారు, మొదటి వరస కుర్చీలకు కాగితాలంటించి పెట్టారు. వచ్చినవాళ్లం ఆరుగురం. అందులో నలుగురు నా నోటితో పొమ్మనిపించుకున్నవాళ్లు. నేను దగ్గరికి రాగానే వయొలినిస్టు పక్క కుర్చీ మీదున్న తన బ్యాగు తీసి ఒళ్లో పెట్టుకుంది.

"కూర్చోండి. మీకు పొమ్మని ఎవరు చెప్పారు?"

"ఎవ్వరు చెప్పలే."

ఆమె మొహంలో గెలిచినట్టు ఏదైనా కనపడుతుందేమోనని చూశాను. లేదు. జాలి కూడా లేదు. "మాకు కనీసం మీరున్నారు" అంది.

నా దోస్తు వరస చివర కూర్చున్నాడు. జుట్టు సగం నెరిసింది. గాయకుడు మైకు తీసుకుని బ్యాండు ఎలా పుట్టిందో చెప్పాడు. ఆ కథలో కోచింగ్ సెంటర్ ఉంది, మేనమామ ఉన్నాడు, గాయకుడున్నాడు. మమ్మల్ని "మధ్యలో వచ్చి వెళ్లిన మిత్రులు" అన్నాడు. హాస్టల్ కుర్రాడి పాట మొదలైంది. డ్రమ్మరు చెవిలో టిక్కు టిక్కు పెట్టుకుని ఒక్క చోట కూడా ఉరకకుండా వాయించాడు. జనం బాగానే చప్పట్లు కొట్టారు. తర్వాత శాలువాలకు పిలిచారు. వయొలినిస్టు లేవలేదు. నా దోస్తు లేవలేదు. నేను లేచాను. గాయకుడు శాలువా కప్పి, ఫొటో కోసం నా భుజం మీద చెయ్యేసి నవ్వాడు. నేనూ నవ్వాను. ఆ ఫొటో వాళ్ల పేజీలో ఉంది.

బయట పార్కింగ్‌లో నా దోస్తు బండి తీస్తుంటే పట్టుకున్నాను.

"ఆ రోజు అందరిది అన్న కదా. అది అబద్ధం. మేమిద్దరమే అనుకున్నం."

"నాకప్పుడే తెలుసు."

"మరి అడగలేదేంది?"

"అడిగితే ఇంకో అబద్ధం చెప్తుంటివి." హెల్మెట్ పెట్టుకున్నాడు. "ఇన్నేళ్లు యాదికి రాలే గాని, నీకు తగిలినంక వచ్చిందా అన్నా?"

అది నిజమే. అయినా సిగ్గు లేకుండా, "మనిద్దరం కలిసి ఏమన్న వాయిద్దమా?" అని అడిగాను.

"నేను వాయిస్తనే ఉన్న. చిన్నాయన పోయినంక బ్యాచ్ నేనే చూస్తున్న. సీజన్ల ఖాళీ దొరకదు." బండి స్టార్ట్ చేసి, "మా దాంట్ల నీకు పని లేదు" అన్నాడు. కోపంగా అనలేదు. ఇంటివాళ్ల సంగతి అడగలేదు, పాత పాట గుర్తు చేయలేదు. నా మొహంలోకి చూసి చెప్పి వెళ్లిపోయాడు.

నెల తిరక్కుండా, ఆఫీసులో ఉండగా గాయకుడి ఫోన్ వచ్చింది. ఎలా ఉన్నావన్నాడు, మా ఆవిడ ఎలా ఉందన్నాడు. ఆ తర్వాత గొంతు తగ్గించాడు.

"కీబోర్డు కుర్రాడితో అవ్వట్లేదురా. తీసేద్దామనుకుంటున్నాం. నువ్వంటే వాడికి గౌరవం. ఒకసారి కలిసి మాట్లాడతావా? నువ్వయితే బాధపడకుండా చెప్తావు."

ఒక క్షణం నాకు సంతోషమేసింది. వాడికింకా నా అవసరముందని. ఆ సంతోషం నాకిప్పటికీ మింగుడు పడదు. ఏ మెట్ల దగ్గర కలవాలో, ఏం మాట్లాడాలో కూడా అప్పుడే లోపల వరస కట్టడం మొదలైంది.

"నువ్వే చెప్పు" అన్నాను.

"సర్లే," అన్నాడు, "మెసేజ్ పెట్టేస్తాలే."