మామగారి మందార కషాయం

నేను రాజమహేంద్రవరం కాలేజీలో రసాయనశాస్త్రం చదివే రోజుల్లో, సెలవులు వస్తే కాలువ పడవెక్కి కడియం దగ్గరున్న అత్తవారింటికి వెళ్లేవాణ్ణి. మామగారు పెద్ద రైతు. తల మాత్రం నున్నగా ఉండేది. వాకిట్లో ఎర్రమందారాలు ఆయన అందానికి పెంచలేదు; ఆ పూలు మరిగించి, రోజూ తలకు పట్టించేవారు.

"అల్లుడుగారూ, ఈ పువ్వులో ఏ గుణం ఉందో మీ చదువుతో తేల్చండి" అన్నారోసారి.

పూరేకులు మరిగించి, ఆ నీళ్లు రెండు పింగాణీ గిన్నెల్లో పోశాను. ఒకదాంట్లో నిమ్మకాయ పిండితే ఎర్రగా మెరిసింది. రెండోదాంట్లో సున్నపుతేట పోస్తే ఆకుపచ్చగా మారింది. తలుపు వెనకనుంచి అత్తగారు "అమ్మో!" అన్నారు.

"పులుపుకి ఎరుపు, క్షారానికి ఆకుపచ్చ. ఇంతేనండి తేలింది. జుట్టు సంగతి దీన్నిబట్టి తెలియదండి" అన్నాను.

"ఇన్ని రంగులు మార్చేది, నాలుగు వెంట్రుకలు మొలిపించలేదా?" అని ఆయన మర్నాటినుంచి కషాయం మరింత చిక్కగా కాయించారు.

ఆ వారమే తాసీల్దారుగారు ఆ ఊళ్లో డేరా వేశారు. మామగారు కషాయం దట్టంగా పట్టించి, తడి ఆరకుండానే చాకలి తెచ్చిన తెల్లటి తలపాగా చుట్టి, నన్ను వెంటబెట్టుకుని బయల్దేరారు. చాకలి దాన్ని చవుడులో, అంటే క్షారపు మట్టిలో, ఉడికించి సరిగా జాడించలేదని మాకేం తెలుసు?

డేరాలో ఉక్క. తాసీల్దారుగారు కాలువ నీళ్ల సంగతి అడుగుతుండగా, మామగారి నుదుటిమీదికి ఆకుపచ్చటి ధార ఒకటి దిగింది. తలపాగా అంచంతా నారుమడి రంగు. బంట్రోతు వెనక్కి జరిగాడు.

"ఏంటండీ అది? ఏమైనా జబ్బా?" అన్నారు తాసీల్దారుగారు.

నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. మామగారు మాత్రం వేలితో తుడుచుకు చూసి, "జబ్బు కాదండి, మందారం. జుట్టుకండి. మా అల్లుడుగారు కాలేజీ చదువుతో పరీక్ష చేసి తేల్చారండి" అన్నారు దర్జాగా.

నేను కాదనబోయేలోగా తాసీల్దారుగారు బంట్రోతును మంచినీళ్లకు పంపేశారు. వాడు అటు వెళ్లగానే, ఆయన తన తలపాగా కాస్త పైకెత్తి చూపించారు. అక్కడా అదే నునుపు!

"ఎన్నాళ్లు రాయాలండి?" అని నన్ను రహస్యంగా అడిగారు.

"రోజూ రాయాలండి!" అన్నారు మామగారు, నన్ను నోరెత్తనివ్వకుండా. సాయంత్రానికి బుట్టెడు పూలు డేరాకి చేరాయి.

ఆ ఇద్దరికీ ఒక్క వెంట్రుకా మొలవలేదు. స్నేహం మాత్రం గట్టిగా కుదిరింది. తాసీల్దారుగారు మకాంకి వచ్చినప్పుడల్లా, కబురు ముందు మా మామగారికే వచ్చేది.