బెంగాలీ బల్ల దగ్గర మా అత్త

మా ఇంటికి కుడివైపు ఒరియా, ఎడమవైపు మలయాళం, పై వాటాలో బెంగాలీ. ఉక్కు కర్మాగారం ఉద్యోగాలకని దేశం నలుమూలల నుంచీ వచ్చినవాళ్ళంతా గాజువాక పక్కన మా కాలనీలో దిగారు. అదే కర్మాగారం కోసం సముద్రపొడ్డు పల్లె ఖాళీ చేసిన మేమూ ఆ కాలనీలోనే ఓ చివర సర్దుకున్నాం. మా నాన్నకి అందులో ఉద్యోగం వచ్చింది. మా మేనత్త మొగుడు మాత్రం ఉద్యోగం గిద్యోగం నాకొద్దని వేట మానలేదు. ఆయన తెచ్చిన చేపలు అత్త బుట్టలో పెట్టుకుని కాలనీ అంతా తిరిగి అమ్మేది. ఆవిడ గొంతు మూడు వీధుల అవతల వినిపించేది. బేరం కుదరకపోతే నాలుగో వీధికి కూడా వినిపించేది.

తొంభైల చివర్లో మా కాలనీ సంఘం ఏటా చలికాలంలో రాష్ట్రాల పండుగ చేసేది. మైదానంలో రాష్ట్రానికో బల్ల, బల్లకో బోర్డు, బల్ల నిండా వాళ్ళ వంటలు, సాయంత్రం మంచి బల్లకో బహుమతి. మా పిల్లలకి ఆ రోజు నాలుక ఎటు తిప్పాలో తెలిసేది కాదు. మలయాళీల ఆవిరి పుట్టు తిని, జిలేబీ తిని, పొంగలి తిని, కడుపు పట్టుకుని మళ్ళీ పుట్టు దగ్గరికి వెళ్ళేవాళ్ళం.

ఓ ఏడు అత్తకి కోరిక పుట్టింది. పల్లె ఖాళీ చేసిన తన వాళ్ళకీ ఒక బల్ల కావాలి, దాని మీద బోర్డూ ఉండాలి. నన్ను వెంటేసుకుని కార్యదర్శి గారింటికి వెళ్ళింది. గోదావరి వైపు నుంచి వచ్చిన ఆయన మర్యాదస్తుడే. తెలుగువాళ్ళకి బల్ల ఉందని, అందులో పులిహోర, బొబ్బట్లు పెడుతున్నామని, చేపలైతే వాసనొస్తుందని చెప్పాడు. విడిగా ఇవ్వమంటే నవ్వాడు. బల్లలు బయటినుంచి వచ్చినవాళ్ళ గుర్తింపు కోసమట. మీరిక్కడి వాళ్ళేగా, మీకు వేరే గుర్తింపెందుకన్నాడు. అత్త చెంగు దులుపుకుని వచ్చేసింది. ఆ రోజు చేపలమ్ముతుంటే ఆవిడ గొంతు పక్క వీధికి కూడా వినిపించలేదు, నాకు నిజంగా భయం వేసింది.

సంగతి పై వాటా బెంగాలీ ఆంటీకి తెలిసింది. ఆవిడ బల్ల మీద ఏటా రసగుల్లాలే. అవి ఎంత గట్టిగా ఉండేవంటే, తినగా మిగిలినవాటితో మేం క్రికెట్ ఆడామని ఒక పుకారుండేది. పుకారు కాదు, నేనూ ఆడాను. నా బల్లలో సగం నువ్వు తీసుకో, చేపలు వండిపెట్టు అంది ఆంటీ. అత్త ఎగిరి గంతేసింది. చిక్కంతా చీర దగ్గర వచ్చింది. బెంగాలీ బల్ల దగ్గర నిలబడే ఆడవాళ్ళంతా ఎర్రంచు తెల్ల చీర కట్టాలి.

"ఈయన గంగ మీదున్నాడు. నాను తెల్లకోక కట్టీమంటావా తల్లీ?" అని అత్త రెండు చెంపలూ వాయించుకుంది.

మొగుడు సముద్రం మీద ఉండగా తెల్లచీర మాట కూడా మా ఇళ్ళలో ఎత్తరు. తమలో ముత్తైదువలు కట్టేదే ఆ చీర అని ఆంటీ చేతులు తిప్పి, బొట్టు చూపించి, గాజులు ఆడించి నచ్చజెప్పింది. చివరికి అత్త ఆ చీర నాలుగు చెంగులకీ పసుపు రాసి, అది చాలదనిపించి అక్కడక్కడా పసుపు వేళ్ళు అద్ది, మడమలపైకి ఎగగట్టింది. ఆంటీ తలపట్టుకుంది. నేను నవ్వలేక కింద కూర్చున్నాను.

పండుగనాడు కోనాం చేప పులుసు మూత తీయగానే మైదానం మొత్తం మా వైపు తిరిగింది. పంజాబీ వాళ్ళ బల్ల వాళ్ళు బల్ల వదిలేసి వరసలో నిలబడ్డారు. నెత్తళ్ళ వేపుడు ఎప్పుడు అయిపోయిందో చూసినవాళ్ళు లేరు. కార్యదర్శి గారు పరిశీలనకని వచ్చి ఓసారి, అనుమానం తీరలేదని ఇంకోసారి తిన్నారు. బొబ్బట్ల దగ్గర ఈగలు కూడా లేవు. రసగుల్లాలు ఎప్పటిలాగే మిగిలాయి.

సాయంత్రం మొదటి బహుమతి బెంగాలీ బల్లకని మైకులో చెప్పారు. ఆంటీ అత్తని ముందుకి తోసింది. ముఖ్య అతిథి ఆ మధ్యే హైదరాబాదు నుంచి బదిలీ మీద వచ్చిన పెద్ద అధికారి. కప్పు చేతికిస్తూ ఎలా ఉందమ్మా అంటే, అత్త శానా బాగుంది బాబూ అంది. ఆయన ఆశ్చర్యపోయి సభ వైపు తిరిగాడు. యాస కాస్త తేడాగా ఉన్నా ఈ బెంగాలీ తల్లి మన తెలుగు ఎంత బాగా నేర్చుకుందో చూడండని మెచ్చుకున్నాడు. సభ చప్పట్లు కొట్టింది. నాకు ఒక్క క్షణం నవ్వొచ్చింది, వెంటనే ఒళ్ళు మండింది.

"ఈ ఊరొచ్చి ఎన్నేళ్ళయిందమ్మా?" అన్నాడాయన, మైకు అత్త మూతి దగ్గర పెట్టి.

"నానెక్కడికీ రానేదు బాబూ. మీరే వొచ్చినారు," అంది అత్త. "వొచ్చినోల్లందరికీ బల్లేసినారు. మాకూ ఒకటెయ్యండి."

కార్యదర్శి గారు మీసానికంటిన పులుసు తుడుచుకున్నారు. వెనక వరసల్లో నిలబడ్డ మా వాళ్ళు మాత్రం ఈలలు మొదలెట్టారు, తర్వాత ఆంటీ కూడా వేలు నోట్లో పెట్టింది గానీ ఆవిడకి ఈల రాలేదు. అధికారి అత్తనీ, చీర మీది పసుపునీ చూసి, చేతులు జోడించాడు.

తర్వాతి ఏడు మాకు బల్ల వచ్చింది. బోర్డు మీద ఏం రాయాలో అని సంఘం వాళ్ళు మల్లగుల్లాలు పడుతుంటే, అత్త 'ఈ ఊరోల్లు' అని రాయించేసింది. బల్ల మధ్యలో వేస్తామన్నారు. ఆవిడ ఒప్పుకోలేదు, గేటు దగ్గరే కావాలంది. ఎందుకే అంటే నన్ను వెర్రిదాన్ని చూసినట్టు చూసింది.

పండుగ రోజు ఎర్రకోక కట్టి గేటులో నిలబడింది. కార్యదర్శి గారొచ్చినా, ఒరియా వాళ్ళొచ్చినా, పంజాబీ వాళ్ళొచ్చినా ఎదురెళ్ళి, ఇంటికొచ్చిన చుట్టాలని అడిగినట్టే అడిగింది.

"ఎప్పుడొచ్చినారు? బాగున్నారా? రండి, తినండి."