సూది వెనక తూటా

సైనికులకు భయపడటం నేను మొదటి నెలలోనే మానేశాను. వాళ్ళ బనియన్లు, మేజోళ్ళు ఉతికేవాడికి వాళ్ళంటే భయమెక్కడిది? ఏ ఆఫీసరు ప్యాంటు నడుము దగ్గర వదులు చేయించుకున్నాడో, ఎవడు మూడు రోజులకు కూడా చొక్కా మార్చడో మాకే తెలుసు. కానీ ఆ సైనికులే ఎవరిని చూసి టోపీ సర్దుకుంటారో, వాళ్ళు ఎదురైతే మాత్రం ఇప్పటికీ నా నోరు ఎండిపోతుంది. వాళ్ళు మిలిటరీ పోలీసులు.

ఊళ్ళో పోలీసులు వేరు, వీళ్ళు వేరు. ఊళ్ళో పోలీసులు మనబోటి వాళ్ళను చూసుకుంటారు, వీళ్ళు సైన్యాన్ని చూసుకుంటారు. చేతికి పట్టీ, నడుముకు తెల్ల బెల్టు. జుట్టు పెరిగినవాణ్ణి గేటు దగ్గరే ఆపి వెనక్కి పంపుతారు. క్యాంపు లోపల బండి స్పీడుగా నడిపినవాడి తాళాలు లాక్కుంటారు. సెలవు అయిపోయినా రానివాణ్ణి వెతికి పట్టుకొస్తారు. ఏ వస్తువు పోయినా, ఏ ఇద్దరు కొట్టుకున్నా వీళ్ళే రావాలి, వీళ్ళే రాయాలి. ఎంత పెద్ద ఆఫీసరైనా గేటు దగ్గర అద్దం దించి కార్డు చూపించాల్సిందే. నాలాంటి కాంట్రాక్టు వాళ్ళకు పాసు ఇచ్చేదీ వీళ్ళే, పీకేసేదీ వీళ్ళే. పాసు పోతే డ్యూటీ పోయినట్టే. మా కంపెనీకి ఆ క్యాంపు తప్ప ఇంకో సైట్ లేదు, కాబట్టి డ్యూటీ పోతే ఇంటికి టికెట్టే.

ఆ క్యాంపు లాండ్రీకి నేను ఇన్‌చార్జిని. మాది జగిత్యాల వైపు పల్లె. గల్ఫ్‌కు వచ్చి మబేలా అనే ఊళ్ళో ఒక షాపులో ఆరేళ్ళు ఇస్త్రీ పెట్టె తోసి, ఆ తర్వాత నోరు పెట్టుకుని ఇన్‌చార్జినయ్యాను. నాకు పని కంటే నోరే ఎక్కువ, ఆ సంగతి దాచడమెందుకు. రూమ్ బహ్లా అనే ఇంకో ఊళ్ళో. పొద్దున్నే కంపెనీ వ్యాను ఎక్కితే మళ్ళీ సాయంత్రానికే దిగడం.

నా కింద నలుగురు ఉండేవాళ్ళు. అందులో ఒకాయన దర్జీ, కడప వైపు మనిషి, యాభై నాలుగేళ్ళు. అందరం భాయ్ అనేవాళ్ళం. ఊడిన గుండీలు, చిరిగిన జేబులు, తెగిన బెల్టులు ఆయన పని. గల్ఫ్‌కు రావడం అది మూడోసారి. ఈసారి వచ్చేటప్పుడు ఇంటి దగ్గరున్న కుట్టుమిషను కూడా అమ్మేసి వచ్చాడు. ఇంకో రెండేళ్ళు ఇక్కడ లాగించగలిగితే చాలని, ఈ వయసులో పంపించేస్తే మళ్ళీ తనకు వీసా ఇచ్చేవాడు ఉండడని రూమ్‌లో ఎన్నిసార్లు అన్నాడో. ఆయన “ఏం చేస్తాండావబ్బీ” అంటే నేను అదే దీర్ఘం తీసి వెక్కిరించేవాణ్ణి. ఆయన నవ్వేసి ఊరుకునేవాడు. ఆ నవ్వంటే నాకు ఒళ్ళు మండేది.

ఇంకో సంగతికి కూడా మండేది. సైనికులు లాండ్రీలోకి వస్తే కౌంటరు దగ్గర కూర్చున్న నన్ను దాటుకుని నేరుగా ఆయన బల్ల దగ్గరికి పోయేవాళ్ళు. మాస్టర్, మాస్టర్ అని సలాములు, ఖర్జూరాల పొట్లాలు. ఇన్‌చార్జిని నేను, సలాములు ఆయనకు.

లాండ్రీలో ఒక రూలు ఉంది. మిషన్లో వేసేముందు ప్రతి జేబూ తడిమి చూడాలి. ఏది దొరికినా, చివరికి పెన్ను మూతైనా, ఏ తేదీన ఏ నంబరు సంచిలో దొరికిందో రిజిస్టరులో రాసి పెట్టెలో వేయాలి. ప్రతి గురువారం మిలిటరీ పోలీసు ఒకరు వచ్చి ఆ పెట్టె పట్టుకుపోతారు. రాయాల్సింది ఇన్‌చార్జి.

ఒక బుధవారం నా చేతికే ఒక జేబులో ఖాళీ తూటా తగిలింది. ఫైరింగ్ అయ్యాక మిగిలే ఇత్తడి గొట్టం, చిటికెన వేలంత ఉంటుంది. రాస్తే ఏమవుతుందో తెలుసు. ఆ సంచి ఎవరిదో వాణ్ణి పిలుస్తారు, నన్నూ పిలుస్తారు, ఒక పూట పోతుంది. ఆ రోజు చూస్తే దుప్పట్లు గుట్టగా పడి ఉన్నాయి. బద్ధకం వేసింది. సరిగ్గా అప్పుడే భాయ్ మందపాటి బెల్టు కుడుతూ బొటనవేలు పొడుచుకున్నాడు. వేలి తొడుగు కావాలని ఎన్నిసార్లు అడిగినా కంపెనీ ఇచ్చింది లేదు. నేను ఆ తూటాను ఆయన బల్ల మీదికి విసిరేసి, దీంతో నెట్టు భాయ్ అన్నాను. దయ అనుకునేరు, కాదు. వదిలించుకున్నాను, అంతే.

తూటా అడుగున, తుపాకీ లోపలి మేకు కొట్టిన చోట చిన్న గుంట ఉంటుంది. సూది తల దాంట్లో అచ్చంగా కూర్చుంది. పిడికిట్లో పట్టుకుని నెడితే ఎంత మందం బెల్టులోంచైనా సూది అవతలికి వచ్చేసేది. భాయ్ సంబరం చూడాలి. ఎనిమిది నెలలు అది ఆయన గుండీల డబ్బాలోనే ఉంది. మిలిటరీ పోలీసుల తెల్ల బెల్టులు కూడా దాంతోనే కుట్టాడు. నేను రోజూ చూస్తూనే ఉన్నాను.

ఫైరింగ్ రోజున ఎన్ని తూటాలు ఇస్తారో అన్ని ఖాళీలు తిరిగి అప్పజెప్పాలి. ఒక్కటి తగ్గినా ఎవరూ కదలడానికి లేదు. జూన్ నెలలో ఒక రోజు ఒకటి తగ్గింది. ఒక బృందాన్ని మైదానంలో వరసగా నిలబెట్టారు. మేం కిటికీలోంచి చూసి నవ్వుకున్నాం. రోజూ మమ్మల్ని గదమాయించేవాళ్ళు ఆ ఎండలో నిలబడి జేబులు తిరగేసుకుంటుంటే నాకు తమాషాగా ఉంది. ఒకడు కూలబడితే నీడకు మోసుకుపోయారు. అందరికంటే గట్టిగా నవ్వింది నేనే. భాయ్ మాత్రం నవ్వకుండా, పాపం పిల్లోళ్ళు అని కిటికీ దగ్గర్నుంచి వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నానికి మిలిటరీ పోలీసులు బ్యారక్‌లు, బండ్లు అన్నీ వెతుక్కుంటూ మా దగ్గరికొచ్చారు. ఒక సార్జంట్, ఇద్దరు జవాన్లు. సార్జంట్ బక్కపలచని మనిషి, మా అందరికీ అర్థమయ్యేలా హిందీ మాట్లాడతాడు, గొంతు పెంచడు. మిషన్ల లోపల చూశారు, కాలువలో చూశారు, చివరికి భాయ్ బల్ల మీది గుండీల డబ్బా బోర్లించారు. గుండీల మధ్య నుంచి ఆ తూటా దొర్లుకుంటూ వచ్చి బల్ల అంచు దగ్గర ఆగింది.

ఇది ఎవరి బల్ల అని సార్జంట్ అడిగాడు. భాయ్ లేచి నిలబడ్డాడు. ఇది నీకెక్కడిది అని అడిగాడు. భాయ్ నా వైపు చూశాడు. ఒకసారి చూసి తల తిప్పుకోలేదు, చూస్తూనే ఉన్నాడు. నేను చేతిలో ఉన్న చొక్కా మడత పెట్టాను. విప్పి మళ్ళీ మడత పెట్టాను. సార్జంట్ ఆ చూపు పట్టుకున్నట్టున్నాడు, నా వైపు తిరిగి, ఇన్‌చార్జివి కదా, నువ్వెప్పుడైనా దీన్ని చూశావా అన్నాడు.

“నై సార్. ఇదే చూడటం,” అన్నాను.

భాయ్ ఇంకా ఒక్క క్షణం చూసి, అప్పుడు సార్జంట్ వైపు తిరిగాడు. కింద పడి ఉంటే ఏరుకున్నానని చెప్పాడు. ఎక్కడ అంటే, ఫైరింగ్ జరిగే వైపు చెయ్యి చూపించాడు.

పిచ్చి మనిషి, అంతకంటే చెడ్డ అబద్ధం ఇంకోటి లేదు. జేబులో దొరికిందంటే అది లాండ్రీ తప్పు, అంటే నా తప్పు. నాకు ఒక వార్నింగ్ లెటర్ వచ్చేది, మహా అయితే మళ్ళీ ఇస్త్రీ పెట్టె దగ్గరికి దిగేవాణ్ణి. బయటి మనిషి ఫైరింగ్ చోటికి వెళ్ళి ఏరుకున్నాడంటే అది వేరే నేరం. అక్కడికక్కడే భాయ్ మెడలోంచి పాసు తీసుకున్నారు. ఆయన గుండీలన్నీ ఏరి డబ్బాలో పోసి, మూత పెట్టి, జవాన్ల వెంట గేటు దాకా నడిచి వెళ్ళాడు.

తగ్గిన తూటా మర్నాడు ఒక బండిలో కాలి కింద పరిచే మ్యాటు అడుగున దొరికింది. ఇక భాయ్‌కి ఏమీ కాదని మా వాళ్ళు సంతోషపడ్డారు. తెలియక అనే మాటలవి. ఆ ఒకటీ దొరికాక, భాయ్ దగ్గర దొరికింది ఎక్కువ తూటా అయ్యింది. ఎప్పటి ఫైరింగ్‌లోనో దాని లెక్క ఎలా సరిపెట్టారో నాకూ తెలియదు. తగ్గిన దానికి ఎంత విచారణో ఎక్కువైన దానికీ అంతే. అది ఎక్కడి నుంచి వచ్చిందో ఎవరో ఒకరు చెప్పాలి.

మూడో రోజు పొద్దున సార్జంట్ నన్ను గేటు పక్కనున్న తన గదికి పిలిపించాడు. కూర్చోమని కుర్చీ చూపించి టీ తెప్పించాడు. భాయ్ పాసు మీద లాండ్రీ వరకే రానిస్తారని, ఫైరింగ్ చోటికి వేరే గేటు, వేరే కాపలా ఉన్నాయని, అతను అక్కడికి వెళ్ళనే లేడని చెప్పాడు. అతను అబద్ధం చెబుతున్నాడు, ఎవరి కోసమో చెబుతున్నాడు అన్నాడు. అది జేబులోంచే వచ్చి ఉంటుంది, రాయడం మరిచిపోయారు, ఇలాంటివి జరుగుతాయి అన్నాడు. తర్వాత ఒక తెల్ల కాగితం నా ముందుకు జరిపి, దాని మీద తన పెన్ను పెట్టాడు.

“నా రిపోర్టు ఇంకా పైకి పోలేదు. జేబులో దొరికిందని ఒక్క ముక్క రాయి. శనివారం నుంచి అతను డ్యూటీకి వచ్చేస్తాడు.”

మొదటి రోజు నాది భయం. తెల్ల బెల్టు చూడగానే నోట నిజం రాలేదు, దానికి నన్ను నేను ఎలాగో క్షమించుకునేవాణ్ణేమో. ఆ గదిలో మాత్రం భయం లేదు. మనిషి మర్యాదగా అడుగుతున్నాడు, శిక్ష కూడా చిన్నదేనని చెబుతున్నాడు. నాకు అప్పుడు గుర్తొచ్చింది ఏమిటంటే, భాయ్ శనివారం తిరిగి వస్తాడు, అందరూ మాస్టర్, మాస్టర్ అని మూగుతారు, నేనేమో ఇస్త్రీ పెట్టె తోస్తూ అది చూడాలి. ఇంత కుళ్ళు నాలో ఉందని అంతవరకు నాకే తెలియదు. కాదు, తెలుసు. పెన్ను ముట్టుకోలేదు.

“మాలూమ్ నై సార్,” అన్నాను.

ఆయన పెన్ను తీసి జేబులో పెట్టుకున్నాడు. కాగితం వెనక్కి తీసుకున్నాడు. టీ చల్లారిపోతుంది, తాగి వెళ్ళమన్నాడు. తాగాను. ఏలకులు దట్టంగా వేసిన మంచి టీ.

ఆ సాయంత్రం రూమ్‌కు పోయేసరికి భాయ్ మంచం మీద కూర్చుని తన సంచి కుట్టుకుంటున్నాడు. మిగతా ముగ్గురూ ఆయన చుట్టూ చేరి ఉన్నారు. అడగకముందే నేను మొదలుపెట్టాను.

“అరగంట బతిమిలాడిన భాయ్. కాళ్ళు పట్టుకున్నంత పని చేసిన. ఆ సార్జంట్‌గాడు మనిషే కాదు, వానికి గుండె లేదు.”

మా వాళ్ళు నా వీపు తట్టారు. ఒకడైతే, నీలాంటి ఇన్‌చార్జి ఉండటం మా అదృష్టమన్నాడు. నేను కళ్ళు కూడా తుడుచుకున్నాను, నిజంగానే నీళ్ళు వచ్చాయి. భాయ్ దారం పళ్ళతో తెంపి, అన్నం తిను అబ్బీ, చల్లారిపోతాంది అన్నాడు. ఆ పూట ఆయన వండిన పప్పే అందరం తిన్నాం.

శనివారం పొద్దున పదిగంటలకు భాయ్‌ని ఎయిర్‌పోర్టుకు తీసుకుపోవడానికి కంపెనీ వ్యాను వచ్చింది. నేను ఆ రోజు డ్యూటీకి లేటుగా వస్తానని చెప్పి ఆగాను, సాగనంపకపోతే బాగుండదని. భాయ్ సంచి నేనే భుజాన వేసుకుని కిందికి దించాను. మిగతావాళ్ళు డ్యూటీలో ఉన్నారు, వ్యాను దగ్గర మేమిద్దరమే. డ్రైవర్ వెనక తలుపు తీసి సంచి లోపల పెట్టాడు. భాయ్ ఎక్కబోతూ ఆగాడు.

“నిన్ను నేను కాపాడినానని అనుకుంటాండావేమో అబ్బీ. లేదు. ఆ పొద్దు నీ పేరు చెప్పేదానికి నాకు నోరు రాలేదు. నువ్వే చెప్తావని చూసినా.”

నేను మళ్ళీ అరగంట, బతిమిలాడుడు అంటూ ఏదో అందుకోబోయాను. ఆయన చెయ్యి ఎత్తి ఆపాడు.

“మొన్న నువ్వు రూముకు వచ్చేదానికి ముందే నన్ను పిలిపించి సంతకం పెట్టించుకున్నాడు ఆ సార్జంట్. నీకు పెన్ను కూడా ఇచ్చినానని చెప్పినాడు.” వ్యాను మెట్టు మీద కాలు పెట్టి, “టీ తాగి పోయినావంట,” అన్నాడు.

కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే నేనూ నాలుగు మాటలు అనేవాణ్ణి, నా నోరు ఎలాంటిదో ఆయనకూ తెలుసు. వ్యాను ఎక్కి, తలుపు ఆయనే వేసుకున్నాడు. నా భుజం మీద సంచి పట్టీ ఒరుసుకున్న చోట రుద్దుకుంటూ నేను రోడ్డు పక్కన నిలబడి ఉన్నాను.

ఇది జరిగి మూడేళ్ళవుతోంది. నేను ఇప్పటికీ ఇన్‌చార్జినే. భాయ్ బల్ల దగ్గర వేరే దర్జీ ఉన్నాడు. బెల్టు కుట్టినప్పుడల్లా వేలు పొడుచుకుని తొడుగు అడుగుతాడు, కంపెనీని అడుక్కో అంటాను. జేబుల్లో దొరికినవి మాత్రం ఒక్కటీ వదలకుండా రాస్తున్నాను. ప్రతి గురువారం పెట్టె కోసం ఇప్పుడు ఆ సార్జంటే వస్తున్నాడు. రిజిస్టరు మొత్తం చదువుతాడు, ఒక్క మాట అడగడు. నా బల్ల మీద పెన్నులు ఉన్నా, సంతకం పెట్టమని తన జేబులోంచి పెన్ను తీసి నా చేతికిస్తాడు.