వద్దని ప్రార్థించిన చోటే

సహోదరీ సహోదరులారా, మా ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఎరగని ఇల్లు వెతుక్కోవాలి, మా ఇంటికి అది మా ఆయనతో వచ్చింది. డయాలసిస్ అనే మాట మా నోటికి తిరగదు, మిషను అంటాము. మిషను సూదులకని ఆయన చేతి నరాలు కలిపి ఆపరేషన్ చేశారు, అక్కడ చెవి పెడితే లోపల తుమ్మెద తిరిగినట్టు ఝుమ్మని వినిపించేది. మా రూతు అప్పుడు చిన్నపిల్ల, బడి నుంచి రాగానే నాన్న చేతి మీద చెవి పెట్టుకుని పడుకునేది. ఒక ఉదయం నా దగ్గరికి వచ్చి, "అమ్మా, నాన్న సేతిలో సప్పుడు నేదే" అంది. నరం మూసుకుపోయిందని మెడకు గొట్టం వేసి మిషను ఎక్కించారు, ఆ వారం దాటకుండానే ఆయన మిషను మంచం మీదే ప్రాణం విడిచారు.

పలాసలో జీడిపప్పు తొక్క తీస్తూ పిల్లను టెక్కలిలో నర్సింగ్ చదివించాను. సెలవుకు వచ్చినప్పుడల్లా ఆపరేషన్ థియేటర్ గురించి, పిల్లల వార్డు గురించి, కాన్పుల గదిలో పుట్టిన బిడ్డను తుడిచి తల్లి గుండెల మీద వేయడం గురించి చెప్పేది. నాకు కాన్పుల గదే నచ్చింది, ఏడుపు వినబడితే అందరూ నవ్వే గది అదొక్కటే కదా! మా ఆడపడుచు గల్ఫుకు పంపమంది, దానికీ సరేనన్నాను. నా ప్రార్థన ఒక్కటే: "ప్రభువా, నా బిడ్డను ఎక్కడైనా నిలబెట్టు, ఆ మిషను దగ్గర మాత్రం వద్దు."

చదువయ్యాక అది మిషను దగ్గరికే వెళ్తానంది.

"సచ్చిపోయేవోళ్ల మద్దెన నీకేటి పనే?" అన్నాను.

"బతకాలనొచ్చినోళ్లే అమ్మా ఆళ్లు. ఆ సప్పుడు నాకు తెలుసు, ఇంకెక్కడికెల్లమంతావు?" అంది.

అన్నట్టే వెళ్లి చేరింది, నేను దానితో మాట మానేశాను, ప్రార్థనా మానేశాను. అంతలో నా కాళ్లు పొంగాయి, అన్నం మన్నులా తోచింది, నాకూ అదే జబ్బన్నారు. మిషను ఎక్కనంటే ఎక్కనని, నన్నూ తీసుకుపో తండ్రీ అని గోడకు తిరిగి పడుకున్నాను. రూతు వచ్చి నా తల దువ్వి, "నిన్నింకో సేతికియ్యనమ్మా, నేనే గుచ్చుతాను, రా" అంది.

నా చేతికీ ఆపరేషన్ చేశారు. మొదటిసారి ఆ మంచమెక్కినప్పుడు మా ఆయన ముఖమే కళ్లలో మెదిలింది. గుచ్చే ముందు రూతు వంగి, అందరూ చూస్తుండగానే నా చేతి మీద చెవి పెట్టింది.

"ఉందమ్మా" అంది.

నాకు కన్నీళ్లు కారిపోయాయి. "నేను వద్దన్న చోటే నా బిడ్డను నా కోసం ముందే నిలబెట్టావా తండ్రీ!" అని మొర్రపెట్టాను.

జబ్బు పోయిందని అబద్ధం చెప్పను. పక్క మంచాలు ఖాళీ అవుతూనే ఉన్నాయి, అలా ఖాళీ అయిన రోజు రూతు అన్నం ముట్టదు. పోయింది నా భయం, తీసివేసిన దేవునికే మహిమ. మీ ఇంట్లో ఎవరైనా మిషనుకు జడిసి గోడకు తిరిగి పడుకుని ఉంటే, ఆయనను నమ్ముకుని లేవమనండి, మిషను దగ్గరికి తీసుకురండి. మా రూతు అక్కడే ఉంటుంది, గుచ్చే ముందు చెవి పెట్టి వింటుంది.