ముప్పై రెండు సీసాల పంతులు

టెక్కలిలో అర్చకుల ఇంట పుట్టి, తీర్థం పోయాల్సిన చేత్తో ఊళ్ళో ఉచ్చ సీసాలు పంచిన మహానుభావుడు మన జిల్లా మొత్తానికి ఒక్కడే. పేరు ఫణిశంకర్, మా అందరికీ పంతులు. బయోకెమిస్ట్. టెక్కలి కాలేజీలో మా ఇద్దరిదీ ఒకే బెంచీ. రెండో ఏడు నేను చదువును వదిలేశాను, చదువు వాణ్ణి వదల్లేదు. నేను ఆటో కొని, అది తుక్కయి, ఇంకోటి కొన్నాను. ముప్పై ఎనిమిదేళ్ళొచ్చినా వాడింకా చదువుతూనే ఉన్నాడు.

ఏం చదివాడయ్యా అంటే, ఒక తలుపు. ఒక్కటంటే ఒక్క తలుపు, పదకొండేళ్ళు. పలాస స్టేషన్ బయట టీ తాగుతూ ఓసారి నాకు విప్పి చెప్పాడు.

"శరీరంలో ప్రతి కణానికీ ఒక పొర ఉంటుందిరా. ఆ పొరలో కొన్ని ప్రొటీన్లుంటాయి. ఏది లోపలికి రావాలి, ఏది బయటికి పోవాలి అన్నది అవే చూస్తాయి."

"జీడిపప్పు ఫ్యాక్టరీ గేటు కాడ వాచ్‌మన్ లాగ."

"అంతే! కిడ్నీలో అలాంటి వాచ్‌మన్ ఒకడు రక్తంలో చెత్తను పట్టుకుని ఉచ్చలోకి గెంటుతుంటాడు. వాడు దెబ్బతింటే ముక్కలై ఆ ఉచ్చలోనే కొట్టుకొస్తాడు. ఆ ముక్కల్ని పసిగడితే, మామూలు రక్తపరీక్షకు జబ్బు అందకముందే మనం మనిషిని అందుకోవచ్చు."

హైదరాబాదులో వాడి ల్యాబు కూడా చూశాను. వాడి ఫ్రిజ్ మైనస్ ఎనభై డిగ్రీలు. ఒకసారి చెయ్యి పెట్టి తీశాను. ఆ చల్లదనం నాతోపాటు రైలెక్కి పలాస దాకా వచ్చింది. మే నెల ఎండలో నా ఆటో హ్యాండిల్ మీద మంచు కట్టింది. నమ్మకపోతే మానండి.

ఇక మా ఊరు. అక్కుపల్లికి కాస్త ఇవతల. పేరు రాస్తే ఉన్న నాలుగు పెళ్ళిసంబంధాలూ వెనక్కి పోతాయి కాబట్టి రాయను. ఉద్దానంలో కిడ్నీలు పోయే ఊళ్ళలో మాదీ ఒకటి. ఎందుకు పోతున్నాయో తేలుస్తామని మా ఊరికి వచ్చినవాళ్ళు నీళ్ళు పట్టుకుపోయారు, మట్టి పట్టుకుపోయారు, బియ్యం పట్టుకుపోయారు, రక్తం పట్టుకుపోయారు. తిరిగొచ్చి "ఇదీ సంగతి" అని చెప్పినవాడు లేడు. కానీ ఎవరి ఇంట్లో రక్తం తీశారో ఆ కబురు మాత్రం ఇచ్ఛాపురం దాకా పోతుంది. పిల్లనిస్తామన్నవాళ్ళు ఫోను ఎత్తడం మానేస్తారు.

అలాంటి ఊరికి పంతులు ఐసుపెట్టెతో దిగి, ముప్పై రెండు ఖాళీ సీసాల మీద ముప్పై రెండు పేర్లు రాసి ఇంటింటికీ పంచాడు. పొద్దున్నే మొదటి ఉచ్చ పట్టి ఇవ్వమని దండం పెట్టాడు. వాడు అటు వెళ్ళాడో లేదో, ఊరంతా కొబ్బరితోటలో చేరింది.

"మంచోడిది ఒకడిదుంటే సాలు గదేటి," అన్నాడు మాజీ సర్పంచ్ ఢిల్లేశ్వరరావు. "అందరియీ మంచియే అవుతాయి."

మంచోడు దొరకడం కష్టమేం కాలేదు. పోలారావు మావకు యాభై రెండేళ్ళు. కొబ్బరిచెట్టు ఎక్కితే ఉడుత సిగ్గుపడాలి. "పలాస ఆస్పత్రి గేటు ఎటేపు ఉంటాదో నాకు తెలీదురా" అన్నది ఆయన రోజుకు నాలుగుసార్లు చెప్పే మాట. ఆ సాయంత్రం ఊరు ఆయన్ని కూర్చోబెట్టి బొండాలు తాగించింది. తాగినవి పదకొండు. నేను ఇరవై అని చెప్తుంటాను. తెల్లారేసరికి మావ ముప్పై రెండు సీసాలూ నింపేశాడు. పద్నాలుగు ఆడవాళ్ళవి, పద్దెనిమిది మగవాళ్ళవి. అందులో ఒకటి నా పేరు మీద.

ఆ పెట్టెను నా ఆటోలోనే తీసుకెళ్ళాను. ముందు చుట్టు తిరిగి టెక్కలిలో పంతులు ఇంటికి పోతే, పెట్టె గుమ్మం దాటకూడదని వాళ్ళమ్మ సరోజిని గారు అడ్డం నిలబడ్డారు. కొడుకును బట్టలతో సహా నూతి దగ్గర నిలబెట్టి నాలుగు బిందెలు గుమ్మరించారు. "దేవుడి పని చేసుకోరా అంటే ఇదేం పనిరా నాయనా?" అంటూనే చారన్నం పెట్టారు. సీసాల సంగతి తెలిసిన నేను రెండుసార్లు చారు పోయించుకుని, పెట్టెను పలాసలో రైలెక్కించాను.

రెండు నెలలకు ఫలితం వచ్చింది. ముప్పై రెండు సీసాల్లోనూ వాచ్‌మన్ ముక్కలున్నాయి. అన్నింట్లో ఒకే లెక్కన! వాడి పెద్దసారు గంతులేశాడు. గొప్ప పేపరు అన్నాడు. పంతులు ఉద్యోగం మార్చితో ఆఖరు, ఈ పేపరు పడితే పర్మినెంటు. ఎవడైనా అయితే స్వీట్లు కొనేవాడు. మనవాడు నాకు ఫోను కొట్టాడు.

"ఒరేయ్, మీ ఊళ్ళో ఇద్దరు మనుషులు ఒకే మాట మీద ఉండగా నువ్వెప్పుడైనా చూశావా?"

"లేదు."

"మరి ముప్పై రెండు మంది కిడ్నీలు ఒకే మాట ఎలా చెబుతున్నాయిరా?"

నేను సిగ్నల్ లేదని పెట్టేశాను. వాడు ఇంకో పరీక్ష చేశాడు. మగవాళ్ళకు మాత్రమే ఉండే ఒక గ్రంథి నుంచి వచ్చే ప్రొటీన్, పద్నాలుగు మంది ఆడవాళ్ళ సీసాల్లోనూ తేలింది.

మర్నాటి రైలుకే ఐసుపెట్టెతో దిగాడు. కొబ్బరితోటలో ఊరు మళ్ళీ చేరింది.

"ఆడవాళ్ళ సీసాల్లో మగవాళ్ళ ప్రొటీన్ ఉంది," అన్నాడు పంతులు.

"కలికాలం బాబూ," అన్నాడు ఢిల్లేశ్వరరావు.

"నేను దెబ్బలాటకు రాలేదండీ. ఆ సీసాలన్నీ ఒక్కరివే. ఆ ఒక్కరి కిడ్నీ దెబ్బతినడం మొదలైంది. ఇప్పుడు తెలిస్తే మందులతో, పథ్యంతో చాలా ఏళ్ళు నెట్టుకురావచ్చు. తెలియకపోతే డయాలసిస్సే. ఎవరో చెప్పండి, చాలు."

అందరూ ఇసుకలోకి చూశారు. పోలారావు మావ మాత్రం చెట్టు మీది గెలలు లెక్కపెడుతున్నాడు.

"ఎవుడిదో సెప్తే ఆ ఇంటికి సంబందం ఒత్తాదా?" అన్నాడు ఢిల్లేశ్వరరావు. "తవరు పేపర్లో ఏసేసి రైలెక్కి ఎలిపోతారు."

"పేపరు లేదండీ ఇక. వద్దని చెప్పేశాను. పెద్దసారు నాతో మాట్లాడటం మానేశారు. మార్చి తర్వాత ఉద్యోగం కూడా ఉండదు."

"మరెందుకొచ్చినావు బాబూ?"

అడిగింది పోలారావు మావ పెళ్ళాం పైడమ్మ. ఫ్యాక్టరీ నుంచి అప్పుడే వచ్చింది, జీడిపిక్కలు కొట్టీ కొట్టీ చేతులు నల్లగా ఉన్నాయి.

"ఫలితం చెబుదామని."

ఆ మాట మా ఊళ్ళో అదే మొదటిసారి వినపడటం. పైడమ్మ ముందుకొచ్చింది. ఐసుపెట్టెలోంచి ఒక ఖాళీ సీసా తీసి మొగుడి ముందు పెట్టింది.

"ఊరందరికీ పోసినావు గదా. ఇప్పుడు నీది నువ్వు పొయ్యి. ఎల్లు."

"నాకేటే? నాను గట్టోన్ని..."

"గట్టోడివే! మొన్న సెట్టు సగం ఎక్కి దిగిపోనావు. కాల్లు వాసినాయని లుంగీ కిందికి కట్టుకుంటన్నావు. నానేటి సూడలేదనుకున్నావా?"

మావ సీసా పట్టుకుని జీడిచెట్టు వెనక్కి వెళ్ళాడు. ఊరంతా అటే చూస్తోంది. చాలాసేపటికి ఖాళీ సీసాతో తిరిగొచ్చాడు.

"రాటం నేదు బాబూ."

ఒక్క పూటలో ముప్పై రెండు సీసాలు నింపిన మనిషికి ఒక్కటి నిండలేదు. నవ్వింది నేనొక్కణ్ణే. పైడమ్మ చూపుకి అదీ ఆగిపోయింది. ఆమె కత్తి తీసి బొండాం కొట్టబోతే పంతులు చెయ్యి అడ్డం పెట్టాడు.

"కొబ్బరినీళ్ళు వద్దమ్మా. కిడ్నీ సరిగ్గా లేనివాళ్ళకు అవి పడవు. మంచినీళ్ళివ్వండి."

"ఏ మంచినీల్లు బాబూ? బోరుయా, కుళాయియా? ఏటి తాగితే ఈ రోగం రాదో సెప్పు, బేగి తెత్తాను."

 తలుపు గురించి పదకొండేళ్ళు చదివినవాడు, పలాస స్టేషన్లో కొన్న తన నీళ్ళ సీసాను సంచిలోంచి తీసి ఇచ్చాడు. మావ గటగటా తాగి కూర్చున్నాడు. రైలు టైము దాటిపోయింది. పంతులు వాచీ చూసుకోలేదు.

చివరికి సీసా సగం నిండింది. పంతులు కలం తీసి, "పేరు?" అన్నాడు.

"మీకు తెలుసు గదా బాబూ."

"మీరే చెప్పాలి."

మావ ఊరివైపు ఒకసారి చూసి, "పోలారావు," అన్నాడు, అందరికీ వినపడేలా.

ముప్పై రెండు పారబోసుకుని ఒక్క సీసా సంపాదించిన పంతులు, పెట్టె ఒళ్ళో పెట్టుకుని నా ఆటో ఎక్కాడు. పక్కన మావ, లుంగీ పైకి కట్టి, వాచిన కాళ్ళు దాచుకోకుండా కూర్చున్నాడు. కాశీబుగ్గ దాటాక నా భుజం తట్టాడు.

"ఒరే, ఆస్పత్రి గేటు ఎటేపురా?"